మెత్తని స్ప్రింగులు

జూన్ 3, మంగళవారం

పొద్దున అమ్మ టూత్‌పేస్టు మూత పళ్ళతో తీసింది. నేను బాత్రూం తలుపు దగ్గర తువ్వాలుతో నిలబడి ఉన్నాను. నన్ను చూసి మూతని సింకులోకి ఉమ్మేసి, "కొత్తది కదా, బిగుసుకుపోయింది," అంది.

కొత్తది కాదు. సగం అయిపోయిన ట్యూబు.

ట్యూబు కుడిచేతిలో ఉంది. ఎడమచెయ్యి ఊరికే వేలాడుతోంది. అమ్మది ఎడమచేతి వాటం.

జూన్ 5, గురువారం

బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మెడలో ఎముక జరిగి నరాన్ని నొక్కుతోందట. వేళ్ళ తిమ్మిరి అందుకేనట. "కుదుపులు తగలకూడదు. ఇంకో గట్టి కుదుపు తగిలితే చెయ్యి పడిపోవచ్చు. పడిపోతే మళ్ళీ వస్తుందని నేను మాటివ్వలేను," అన్నాడు. నెమ్మదిగా, ఇద్దరికీ వినపడేలా చెప్పాడు.

"మీరేం చేస్తుంటారు?" అని అడిగాడు.

"డ్రైవింగ్ స్కూలు నడుపుతాను."

నిజమే. ఆదివారాల సంగతి మాత్రం చెప్పలేదు. ఊరవతల వాడకం మానేసిన రన్‌వే మీద తన పాత కారుని కావాలని పక్కకి జార్చి, వెనక టైర్లు పొగలు కక్కుతుంటే అడ్డంగా మలుపులు తీస్తుందని చెప్పలేదు. దాన్ని డ్రిఫ్ట్ అంటారనీ, యాభై దాటిన ఆడమనిషి పదిహేనేళ్ళుగా ఆ పని చేస్తోందనీ తెలిస్తే ఆయనే కుర్చీలోంచి జారేవాడు.

మెట్లు దిగుతూ, "విన్నావుగా, దిండు మార్చమన్నాడు," అంది అమ్మ.

"అది చివర్లో అన్నాడమ్మా."

"చివర్లో చెప్పిందే అసలు మాట. నీ పుస్తకాల్లో అంతేగా."

నేను కూడా డాక్టరుకి చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు. కాన్వెంటులో సిస్టర్ అనేది: చేసిన తప్పులు ఒక ఎత్తు, చెయ్యాల్సింది చెయ్యకుండా వదిలేసిన తప్పులు ఇంకో ఎత్తు. అడగనిదానికి జవాబు చెప్పకపోవడం ఏ ఎత్తులోకి వస్తుందో మాత్రం చెప్పలేదు.

జూన్ 8, ఆదివారం

మామయ్య గ్యారేజీ. మామయ్య అమ్మకి తమ్ముడు, ముసలిదానికి వైద్యుడు. ముసలిది అంటే కారు. అమ్మ పెట్టిన పేరు. ఒక తలుపు ఎరుపు, మిగతా ఒళ్ళంతా ఒకప్పుడు తెలుపు.

మామయ్య కారుని పైకెత్తి, వెనక కుడివైపు షాక్ అబ్జార్బరుని గుడ్డతో తుడిచాడు. చూస్తుండగానే మళ్ళీ నూనె ఊరింది.

"ఇది పోయిందక్కా."

"పోయినేడూ ఇదే మాటన్నావు."

"పోయినేడు చెమట పట్టింది. ఇప్పుడు ఏడుస్తోంది."

స్ప్రింగుల సంగతి ఇంకా ఘోరం. కారు కిందికి దిగాలని ఎప్పుడో మామయ్యే రంపంతో ఒక్కో చుట్టు కోసేశాడు. ఇప్పుడవి ఉండాల్సిన చోట ఉండక అప్పుడప్పుడు పక్కకి జరుగుతున్నాయి.

"ఇరవై తొమ్మిదే ఆఖరు," అంది అమ్మ. "జూలైలో రన్‌వే తవ్వేసి గోడౌన్లు కడతారట. ఆ ఒక్కరోజూ దీన్ని మంచిగా తిప్పి, ఇక వదిలేస్తా." కూరలు కొనడం మర్చిపోయానన్నంత మామూలుగా అంది.

"డాక్టరేమన్నాడు?"

"దిండు మార్చమన్నాడు."

మామయ్య నావైపు చూశాడు. నేను పానాల డబ్బావైపు చూశాను.

"అయితే కాయిలోవర్లు వేసేద్దాం," అన్నాడు. స్ప్రింగూ షాకూ వేరువేరుగా కాకుండా, షాకు చుట్టూనే స్ప్రింగు ఉండే సెట్టు. దాని మీద రింగు తిప్పితే కారు ఎత్తు మారుతుంది. "మనకందే ధరలో ఉన్నాయి. కానీ వాటిల్లో ఏది మంచిదో ఏది డొల్లో తెలియాలంటే బోలెడు చదవాలి."

"చదవడానికి ఇది ఉందిగా," అంది అమ్మ నావైపు గడ్డం చూపించి. "నోట్లో నాలుక లేకపోయినా కళ్ళు మాత్రం రాకాసివి."

జూన్ 10, మంగళవారం

నాకు కార్లంటే ఆసక్తి లేదు. ఇది అమ్మ కోసం.

ప్రెస్సులో మధ్యాహ్నం భోజనం మానేసి చదివాను. ప్రూఫులు దిద్దే అలవాటు ఇక్కడ పనికొస్తోంది. కంపెనీలవాళ్ళు రాసింది నమ్మకూడదు. కొని, వాడి, తిట్టుకున్నవాళ్ళు రాసింది చదవాలి. అందులోనూ కొన్న వారానికి మెచ్చుకున్నవాళ్ళని వదిలేయాలి. ఏడాది తర్వాత రాసినవాళ్ళని పట్టుకోవాలి.

అర్థమైనంత వరకు దారులు మూడు. అన్నింటికన్నా చౌక సెట్టు: నున్నగా మెరుస్తుంది, చలికాలం రాకముందే కారుతుంది, కారితే బాగుచేయడానికి వీల్లేదు, పారేయాలి. రెండోది, పేరున్న కంపెనీది ఎవరో వాడింది కొనడం. మూడోది, పేరులేని కంపెనీదే అయినా విప్పి బాగుచేసుకోవడానికి వీలున్నది. అందులో స్ప్రింగు ఎంత గట్టిగా ఉండాలో ఆర్డరు పెట్టేటప్పుడే మనం చెప్పొచ్చు. నంబరు పెరిగేకొద్దీ గట్టిదనం.

మనం చెప్పొచ్చు అన్న ముక్క కింద గీత గీసుకున్నాను. ఎందుకో తెలియదు.

జూన్ 14, శనివారం

వాడిన సెట్టు చూడ్డానికి వెళ్ళాం. అమ్మేది ఒక పళ్ళ డాక్టరు. పెళ్ళయ్యాక డ్రిఫ్ట్ మానేశాడట. వాళ్ళావిడ తలుపు తీసి, "ఆ ఇనుము కోసమేనా? దేవుడిలా వచ్చారు, తీసుకుపోండి," అంది.

నాలుగూ అట్టపెట్టెలో పాత దుప్పటి చుట్టి ఉన్నాయి. పేరున్నవే. మామయ్య కళ్ళు మెరిశాయి. ఒక్కోదాన్ని నేలమీద నిలబెట్టి, అరచేత్తో లోపలికి నొక్కి వదిలాడు. మొదటిది నిదానంగా పైకి లేచింది. రెండోది, మూడోది కూడా అంతే. నాలుగోది నొక్కితే దిగింది. లేవలేదు.

"చలికి అలా ఉంటుంది," అన్నాడు పళ్ళ డాక్టరు.

బయట ఎండ మండిపోతోంది.

నేను ఆ నాలుగోదాని కడ్డీ మీద వేలు పెట్టి రాశాను. నున్నగా ఉండాల్సినచోట చిన్న చిన్న గుంటలు. తుప్పు తిన్నది. అలాంటి కడ్డీ కదిలినప్పుడల్లా లోపలి రబ్బరుని గీరేస్తుందని చదివాను. చెప్పాలి. మామయ్య చొక్కా అంచు లాగాను.

"ఏంటే?"

"పుచ్చిపోయింది మామయ్యా," అన్నాను, ఆయనకి మాత్రమే వినపడేలా.

మామయ్య కడ్డీ చూశాడు. పళ్ళ డాక్టరుని చూశాడు. "మా కోడలుపిల్ల పన్ను పుచ్చిందంటోంది డాక్టరుగారూ," అన్నాడు. "పీకించుకోవడమే తప్ప వేరే మార్గం లేదట."

వాళ్ళావిడ పగలబడి నవ్వింది. నేను మెట్ల మీదకి వచ్చేశాను. చెవులు కాలిపోయాయి.

జూన్ 15, ఆదివారం

మూడో దారే అని తేలింది. అమ్మ ముందే అనుకుని ఉన్న నంబర్లు చెప్పింది. "ముందు ఎనిమిది, వెనక ఆరు. గట్టిగా ఉంటేనే నేను చెప్పిన మాట వింటుంది. మెత్తవైతే పడవలా ఊగి, వెళ్ళాల్సిన చోటికి వెళ్ళదు."

"కొంచెం తక్కువైతే?"

"కొంచెం తక్కువ అంటే?"

"ఏం లేదు."

అమ్మ టీ కప్పు రెండు చేతులతో పట్టుకుంది. వేడి కోసం అనుకోవచ్చు. జూన్‌లో.

జూన్ 16, సోమవారం

ఆర్డరు పెట్టాను. ముందు ఐదు, వెనక నాలుగు.

మెత్తగా ఉంటే కుదుపు తక్కువ. మెడకి మంచిది. ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు. పసిపిల్లకైనా తెలుస్తుంది.

అమ్మ అడిగితే చెబుతాను.

జూన్ 20, శుక్రవారం

పెట్టె ప్రెస్సుకే తెప్పించుకున్నాను. గోడౌనులో కాగితం రీముల వెనక విప్పాను. నాలుగు ఎర్ర స్ప్రింగులు. ఒక్కోదాని మీద తెల్లరంగుతో నంబరు అచ్చు. ఇంత పెద్దగా ఉంటుందని ఎక్కడా రాయలేదు.

ఎదురుగా ఉన్న షాపుకి వెళ్ళి నెయిల్ పాలిష్ రిమూవర్ అడిగాను. షాపు అమ్మాయి నా గోళ్ళు చూసింది. "ఏ రంగు తీయాలండీ?" అంది.

"తెలుపు."

అంకెలు దూదికి అంటుకుని వచ్చేశాయి. ఎరుపు కూడా కొంచెం వచ్చింది. చేతులు మూడుసార్లు కడుక్కున్నా వాసన పోలేదు. బస్సులో పక్కావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

చెప్పకపోవడం అబద్ధం కాదు.

జూన్ 21, శనివారం

బిగించారు. మామయ్య ఒక స్ప్రింగుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కొత్త సరుకుకి నంబరు లేదేంటే?"

"చౌకవి కదా మామయ్యా."

ఇది అబద్ధం. రాసుకుంటున్నాను.

అమ్మ పనంతా దగ్గరుండి చూసింది. చక్రాలు ఎక్కించి కారుని కిందికి దించాక, వంగి, టైరుకీ పైన రేకుకీ మధ్య వేళ్ళు పెట్టింది. "రెండు వేళ్ళు దూరాలి. మూడో వేలు దూరకూడదు. అదీ ముసలిదాని ఎత్తు." కొలత టేపు ఎప్పుడూ వాడదు. మామయ్య మళ్ళీ మళ్ళీ రింగులు కిందికి తిప్పాడు. రెండు వేళ్ళయ్యేదాకా దించాడు.

దించుతున్నకొద్దీ నాకు ఏదో తోచీ తోచనట్టు ఉంది. ఏమిటో పట్టుకోలేకపోయాను.

కారు అందంగా ఉంది. నాకు కార్లంటే ఆసక్తి లేదు, అయినా అందంగా ఉంది.

జూన్ 22, ఆదివారం

డ్రైవింగ్ స్కూలు మైదానంలో కోన్లు పెట్టి అమ్మ తిప్పి చూసింది. మామయ్యా నేనూ గోడ పక్కన నిలబడ్డాం.

మొదటి మలుపు బాగానే జారింది. ఎడమనుంచి కుడికి మార్చినప్పుడు, కారు బరువంతా ఒక్కసారి అటు పడినప్పుడు, దబ్‌మని శబ్దం. కారు జారడం ఆపి గెంతింది. రెండు కోన్లు ఎగిరిపోయాయి. అమ్మ సర్దుకుని మళ్ళీ తిప్పింది. మళ్ళీ దబ్. మళ్ళీ.

కారు దిగి తలుపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. మెడ తిప్పకుండా మనిషంతా తిరిగి మమ్మల్ని చూసింది.

"ఏం బిగించావురా?"

"అన్నీ సరిగ్గానే బిగించానక్కా."

"సరిగ్గా బిగిస్తే ఎందుకు కొడుతోంది? సుత్తితో వెన్నులో కొట్టినట్టుంది. పాతదే నయం, ఏడిస్తే ఏడ్చింది."

"మళ్ళీ విప్పి చూస్తాలే."

"చూడు. చేతకాకపోతే చెప్పు, ఇంకొకడి దగ్గరికి తీసుకెళ్తా."

అక్క నోటినుంచి ఆ మాట మామయ్య ఎప్పుడూ విని ఉండడు. తల వంచుకుని కోన్లు ఏరాడు. నేనూ ఏరాను.

జూన్ 23, సోమవారం

చౌక సరుకు. అందుకే కొడుతోంది. ఏడాది తర్వాత రాసినవాళ్ళు కూడా అబద్ధాలు రాయొచ్చు కదా.

అమ్మ ఈ రోజు స్కూలుకి వెళ్ళలేదు. తలనొప్పి అంది. అమ్మకి తలనొప్పి రావడం నేనెరగను.

జూన్ 24, మంగళవారం

కాదు. తెలిసింది.

ఖరీదైన సెట్లలో కారు ఎత్తు ఒకచోట, స్ప్రింగు ఒకచోట సర్దుకోవచ్చు. మనకందే ధరవాటిలో రెండింటికీ ఒకటే రింగు. కారుని కిందికి దించితే షాకు కూడా ఆ మేరకు లోపలికి కుంగిపోతుంది. ఇంకా కిందికి వెళ్ళడానికి మిగిలేది కొంచెమే. గట్టి స్ప్రింగైతే ఆ కొంచెంలోనే బరువుని ఆపేస్తుంది. మెత్తదైతే ఆపలేదు. కారు అడుగుకంటా దిగి లోపలి రబ్బరు గుబ్బని గుద్దుకుంటుంది. దబ్.

ఎనిమిదీ ఆరూ పెట్టి ఉంటే ఇంత కుదుపు ఉండేది కాదు.

కొండనాలుకకి మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. సామెత నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మందు వేసేవాళ్ళు ఆ సామెత తమకి కాదనుకుంటారని తెలియదు.

జూన్ 25, బుధవారం

చెప్పాలని వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ ఉల్లిపాయ తరుగుతోంది. కుడిచేత్తో. ముక్కలు ఒకటి లావు, ఒకటి సన్నం.

"అమ్మా."

"ఊ."

"నేను తరగనా?"

"తరుగు."

తరిగాను.

జూన్ 26, గురువారం

చెప్పలేదు.

జూన్ 27, శుక్రవారం

ప్రెస్సునుంచి గ్యారేజీకి వెళ్ళాను. ముందు మామయ్యకి చెప్పి, ఆయన చేత అమ్మకి చెప్పిద్దామని. మామయ్య నాలుగు షాకులూ విప్పి నేలమీద పేర్చుకుని, వాటి ముందు కూర్చుని ఉన్నాడు. ఇప్పటికే ఒకసారి విప్పి బిగించాడట. ఇది రెండోసారి.

"ఎక్కడో తప్పు చేశానే," అన్నాడు. "చేతుల్లో పట్టు తగ్గిందేమో. వయసు."

మామయ్యకి నలభై నాలుగు.

"నీ తప్పు కాదు మామయ్యా."

"నువ్వు అలాగే అంటావులే. మీ అమ్మ కార్లకి చిన్నప్పటినుంచీ నేనే. ఒక్కసారి కూడా ఇంకొకడి దగ్గరికి వెళ్తానని అనలేదు." పాన కింద పెట్టాడు. "ఆదివారం దానికేమైనా అయితే నేను బతికుండగా ఇంకో బోల్టు ముట్టను. ఒట్టు."

నోరు తెరిచాను. మాట వచ్చినట్టే వచ్చింది. అప్పుడే ఎవరో స్కూటర్ మీద వచ్చి టైరులో గాలి పెట్టమన్నారు. మామయ్య లేచి వెళ్ళాడు. ఆయన తిరిగొచ్చేసరికి నా బస్సు టైమైంది.

బస్సు ఒట్టి వంక. ఆ దారిలో పది నిమిషాలకో బస్సు ఉంటుంది.

జూన్ 28, శనివారం

మింగలేను, కక్కలేను.

అమ్మ హెల్మెట్ తుడిచి మంచం మీద పెట్టుకుంది. కొత్త దిండు పక్కన. కొత్త దిండు నిజంగానే కొంది.

జూన్ 29, ఆదివారం

ఇంటికి రాగానే రాస్తున్నాను. అక్షరాలు ఎలా పడితే అలా పడనీ.

పొద్దున్నే వెళ్ళాం. మామయ్య వ్యానులో టైర్లూ సామానూ వేసుకుని వెనక వచ్చాడు. రన్‌వే చివర అప్పటికే రెండు బుల్డోజర్లు తెచ్చి ఆపారు. ముప్ఫై కార్ల దాకా వరసకట్టాయి. అందరూ అమ్మని "అక్కా, అక్కా" అని పలకరిస్తున్నారు. ఒకతను, "అక్కా, ఇవాళ మమ్మల్ని ఓడించి ఏం చేస్తారు, రేపటినుంచి ఇక్కడ బస్తాలు దాచుకుంటారు," అన్నాడు. "బస్తాల పక్కన నిన్ను కూడా దాస్తార్రా," అంది అమ్మ. అందరూ నవ్వారు.

అమ్మ నంబరు పదకొండు. ఏడో కారు వెళ్ళింది. అమ్మ హెల్మెట్ పెట్టుకుని స్టీరింగ్ ముందు కూర్చుంది. నేను కిటికీ పక్కన నిలబడ్డాను. మామయ్య టైరు గాలి చూస్తున్నాడు.

ఎనిమిదోది వెళ్ళింది.

"అమ్మా, అవి ఎనిమిది కావు."

"ఏవి?"

"స్ప్రింగులు. ముందు ఐదు. వెనక నాలుగు. నేనే మార్చాను. మెత్తగా ఉంటే నీ మెడకి మంచిదనుకున్నా. అందుకే కొడుతోంది. మామయ్య తప్పేం లేదు."

ఇంత పొడుగు మాట నేను ఒక్క బిగిన ఎప్పుడూ అని ఉండను. మామయ్య టైరు దగ్గరినుంచి లేచాడు.

అమ్మ హెల్మెట్ తీసింది. "నంబరు?"

"చెరిపేశాను."

"దేంతో?"

"నెయిల్ పాలిష్ రిమూవర్‌తో."

అమ్మ నా గోళ్ళవైపు చూసింది. "పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా గోళ్ళకి రంగేసుకున్నావా నువ్వు?" అంది.

"రెండుసార్లు విప్పానే!" అన్నాడు మామయ్య. "రెండుసార్లు! నా పనైపోయిందనుకుని నిన్న గ్యారేజీ ఎవరికివ్వాలో కూడా ఆలోచించా! ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేదే?"

నేను ఏడవలేదు. ఏడిస్తే వాళ్ళే నన్ను ఓదార్చాల్సి వస్తుంది.

అమ్మ తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది. "ఒరేయ్. నాదే నోటి దురుసు. ఇంకొకడి దగ్గరికి వెళ్తే నా కారుని వాడు బయటే నిలబెట్టి తలుపేసుకుంటాడు." మామయ్య ముక్కు తుడుచుకున్నాడు. అంతలోనే అమ్మ గొంతు మారింది. అది స్కూల్లో వాడే గొంతు. "ఐదుకి ఈ ఎత్తేంటి, నేలమీద పాకుతున్నట్టు? పైకి లేపాలి. జాకీ పెట్టు. దీని చేత కూడా రింగు తిప్పించు. చెరపడం వచ్చినదానికి తిప్పడం రాదా?"

కారుని వరసలోంచి పక్కకి తీసి, మా వంతు వెనక్కి జరపమన్నాం. మామయ్య చక్రాలు ఊడదీశాడు. నేను కంకరలో మోకాళ్ళమీద కూర్చుని, కొక్కెం పానతో రింగు తిప్పాను. ముందు కదల్లేదు. తర్వాత కదిలింది. షాకు మరలమీద కొంచెం కొంచెంగా పైకి ఎక్కింది. చక్రాలు ఎక్కించి, కారుని దించి, మామయ్య ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు తోశాడు, కుదురుకోవడానికి.

అమ్మ వంగి, టైరుకీ రేకుకీ మధ్య వేళ్ళు పెట్టింది. ఎడమచేతి వేళ్ళు. తలెత్తి రన్‌వే వైపు చూస్తోంది. ఎప్పుడూ అంతే, చూడకుండానే కొలుస్తుంది.

"మూడు పట్టాయా?" అంది.

నాకు అర్థం కాలేదు. వేళ్ళు తనవి.

"చెప్పవే. తగిలాయా లేదా?"

చూశాను. మూడో వేలు దూరలేదు. రేకు అంచుకి ఆనుకుని వెనక్కి వంగిపోయి ఉంది. అంచు పదునుగా ఉంది. వేలి మీద చర్మం లేచి ఎర్రగా కనిపిస్తోంది. అమ్మ ఇంకా నొక్కుతూనే ఉంది.

"తియ్యమ్మా," అన్నాను. "తియ్యి. తెగింది."

అమ్మ చెయ్యి తీసి చూసుకుంది. ఎవరో తన చేతిలో పెట్టిన వస్తువుని చూసినట్టు చూసింది. మామయ్య కూడా చూశాడు.

"తిమ్మిరి అన్నావు," అన్నాను.

"మొదట్లో తిమ్మిరే. పోయిన ఆదివారంనుంచి అదీ లేదు."

పోయిన ఆదివారం. మైదానం. దబ్.

అది అమ్మకీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ మాట అనలేదు. మామయ్య నీళ్ళ సీసా తెచ్చి వేలి మీద పోశాడు. అమ్మకి చురుక్కుమనలేదు.

జెండా పట్టుకున్న కుర్రాడు అటునుంచి అరిచాడు. "పదకొండు! అక్కా, పదకొండు!"

అమ్మ కారు వైపు నడిచింది. తలుపు తెరిచింది. సీటు మీద ఉన్న హెల్మెట్ తీసి, తలుపు మూసి, హెల్మెట్‌ని మామయ్య చేతిలో పెట్టింది.

"వెళ్ళి చెప్పరా. పదకొండు లేదని చెప్పు. వాళ్ళని ఆపకు, పాపం, పొద్దుపోతుంది."

మామయ్య కదల్లేదు. "అక్కా, ఇది ఆఖరుది."

"నాకూ తెలుసు. చెయ్యి కూడా ఆఖరుదే."

మామయ్య వెళ్ళాడు.

మిగతా కార్లన్నీ అయ్యేదాకా మేం బానెట్ మీద కూర్చుని చూశాం. బాగా తిప్పినవాళ్ళకి అమ్మ తప్పట్లు కొట్టింది. కుడిచేత్తో తొడమీద కొట్టింది. "రేపు పొద్దున డాక్టరు దగ్గరికి పోదాం," అంది ఒకసారి, మధ్యలో, ఎవరి ముఖమూ చూడకుండా. "ఆపరేషన్ ఎప్పుడంటే అప్పుడే. ఆదివారాల సంగతి కూడా చెబుతాలే. నువ్వు పక్కనుండి సరిదిద్దు."

సాయంత్రానికి అందరూ వెళ్ళిపోయారు. రన్‌వే ఖాళీ. టైర్ల నల్లటి గీతలు ఒకదానిమీద ఒకటి. మామయ్య వ్యానులో సామాను సర్దుతున్నాడు. అమ్మ లేచి, కారు చుట్టూ తిరిగి, ఎప్పుడూ కూర్చోని వైపు తలుపు తెరిచి కూర్చుంది. కుడిచేత్తో బెల్టు లాక్కుంది.

"రా," అంది.

"ఎక్కడికి?"

"ఇటు. స్టీరింగ్ దగ్గరికి. అలా గుడ్లప్పగించకు. ఎంత దూరం పోయినా గుద్దుకోవడానికి ఇక్కడ ఏమీ లేదు."

"బుల్డోజర్లు ఉన్నాయి."

"వాటినే గుద్దు. కాస్త ఆలస్యమవుతుంది వాళ్ళ పని."

కూర్చున్నాను. సీటు అమ్మ కాళ్ళకి సరిపడా ముందుకి ఉంది. నా మోకాళ్ళు స్టీరింగ్‌కి తగిలాయి. అమ్మ ఇటు వంగి, కుడిచేత్తో కింద కమ్మీ లాగి, నా సీటు వెనక్కి జరిపింది.

"భయపడకు," అంది. "మెత్తగానే వెళ్తుంది. నీ స్ప్రింగులేగా."

తాళం తిప్పాను. ముసలిది ఒళ్ళంతా వణికి మేలుకుంది. ఆ వణుకు సీటులోంచి నా వెన్నులోకి వచ్చింది. అమ్మ నా కాళ్ళవైపు చూస్తూ, మొదటి రోజు వచ్చినవాళ్ళందరికీ చెప్పే మాటే చెప్పింది. ఏ కాలు ఎక్కడ పెట్టాలో.

ఈ ఊళ్ళో సగం మందికి డ్రైవింగ్ నేర్పింది మా అమ్మే. నాకు డ్రైవింగ్ రాదు.